వంతకు వదిలిన చోటు: వంగపండు స్మారకోపన్యాసం



వంగపండు ప్రసాదరావు గారి స్మృతిలో మాట్లాడమని పిలిచినప్పుడు నిర్వాహకులు నాకొక అంశాన్ని కూడా సూచించారు. కురుపాం చుట్టుపక్కల కాలేజీ పిల్లలు కొందరు గిటారు పట్టి సొంత పాటలు కడుతున్నారట. ఫోక్ రాక్ అనే సంగీతంలో, పాట రాసి బాణీ కట్టి తానే పాడే కళాకారుడు ఏదో ఒక దశలో బృందాన్ని పక్కనపెట్టి, స్టూడియో తలుపు వేసుకుని, తన ఒక్కడి పేరుతో ఆల్బం చేస్తాడనీ, రసికులు అతని ఎత్తును దానితోనే కొలుస్తారనీ వారు చదివారు. మన వంగపండుకు అలాంటి ఆల్బం ఏది అన్నది వారి ప్రశ్న.

ఈ ప్రశ్నను నేను చాలా రోజులు మోశాను. ఆయన పేరు చెప్పగానే మనకు పాట గుర్తుకొస్తుంది, సభ గుర్తుకొస్తుంది, గజ్జె కట్టిన కాళ్ళు గుర్తుకొస్తాయి. ఆల్బం గుర్తుకు రాదు. వందల పాటలు కట్టిన మనిషి విషయంలో ఇలా ఎందుకు జరిగింది? పేదరికం, రాజకీయం, అవకాశాలు లేకపోవడం అని జవాబు చెప్పి ఊరుకోవచ్చు. అవన్నీ నిజమే, కానీ వాటికన్నా లోతైన కారణం పాట కట్టుబడిలోనే ఉందని నా అభిప్రాయం. వంగపండు పాట ఒక్క గొంతుతో పూర్తికాదు. పూర్తికాకుండా ఉండేటట్టే ఆయన దాన్ని కట్టారు. ఆ వదిలిన చోటే ఆయన శిల్పం. ఈ ఒక్క మాటను నిలబెట్టడానికే ఈ పూట మీ సమయం తీసుకుంటున్నాను.

ముందుగా ఆల్బం అన్న మాట సంగతి. గ్రామఫోను కాలంలో ఒక్కో రికార్డుకు ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాల పాటే పట్టేది. నాలుగైదు రికార్డులను కలిపి అమ్మాలంటే పెళ్ళిఫొటోల పుస్తకం లాంటి అట్టల సంచిలో పెట్టి ఇచ్చేవారు. ఆ పుస్తకం పేరే తరువాత పాటల సంపుటికి పేరయింది. 1940లో అమెరికాలో వుడీ గత్రీ అనే ఓక్లహోమా గాయకుడు ధూళి తుపానులకు పొలాలు పోయి వలసపోయిన రైతుల మీద కట్టిన పాటలను విక్టర్ కంపెనీ కోసం న్యూజెర్సీలోని కామ్డెన్ స్టూడియోలో పాడాడు. ‘డస్ట్ బౌల్ బాలడ్స్’ అన్న పేరుతో మూడేసి రికార్డుల రెండు సంపుటాలుగా అవి వచ్చాయి. ఒకే మనిషి, ఒకే గిటారు, ఒకే విషయం. పాటగాడి ఏకాంత ఆల్బం అనే ఊహకు మూలపురుషుల్లో అతనొకడు. గమనించవలసిందేమిటంటే, వలస రైతు కష్టాన్ని ‘నేను’ అంటూ తన నోటితో చెప్పుకున్నాడు. అంతవరకు అతనూ మనవాడే.

అతన్ని గురువుగా భావించిన బాబ్ డిలన్ తొలి ఆల్బం 1962 మార్చిలో వచ్చింది. అందులో అతను సొంతంగా రాసినవి రెండే పాటలు. ఆ రెంటిలో ఒకటి వుడీని ఉద్దేశించి రాసింది. మూడేళ్ళు తిరిగాయి. 1965 జూలై 25న న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవంలో డిలన్ ఎలక్ట్రిక్ గిటారుతో, వాద్యబృందంతో వేదికెక్కాడు. సభలో కొంత భాగం గోలచేసింది. ఫోక్ రాక్ అన్న పేరు అమెరికా పత్రికల్లో వాడుకకు వచ్చిందీ ఆ ఏడాదే. ఆనాటి గొడవను కరెంటుకూ కర్రవాద్యానికీ మధ్య జరిగిన తగవుగా చెప్పుకోవడం రివాజు. నాకు అలా తోచదు. అదే వేదిక పెద్దల్లో ఒకరైన పీట్ సీగర్ జీవితమంతా చేసిన పని జనం చేత పాడించడం. ఒక చరణం తాను అందుకుని, తరువాతిది సభకు వదిలేవాడు. డిలన్ కొత్త పాట గొప్పదే, కాని అందులో సభకు వదిలిన చోటు లేదు. అది ఒక మనిషి లోపలి మాట, వినవలసిన మాట. ఆ రోజుతో అక్కడ పాడే జనం వినే జనమయ్యారు. ఏకాంత ఆల్బానికి దారి పూర్తిగా తెరుచుకున్నది అప్పుడే.

ఇప్పుడు మన కొండల వైపు తిరుగుదాం.

వంగపండు 1943లో పార్వతీపురం దగ్గరి పెదబొండపల్లిలో పుట్టారు. బొంబాయిలో భారత ప్రజానాట్య సంఘం, ఇప్టా, ఏర్పడ్డ ఏడాది కూడా అదే. బుర్రకథను రాజకీయ వేదిక మీదికి తెచ్చిన షేక్ నాజర్ తరం ఆ దశాబ్దంలో తెలుగునాట ఊరూరా తిరిగింది. 1960లలో పార్వతీపురం, కురుపాం కూడా శ్రీకాకుళం జిల్లాలోనివి. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడ్డాక అందులోకి, 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లాగా మళ్ళీ విడిగా వచ్చాయి. ఈ మాట ఎందుకంటే, చరిత్ర పుస్తకాల్లో శ్రీకాకుళ గిరిజన రైతాంగ పోరాటం అని చదివే నేటి విద్యార్థి అది ఎక్కడో సముద్రపొడ్డున జరిగిందనుకుంటున్నాడు. అది జరిగింది మీ ఊళ్ళలో. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు గిరిజన సంఘం సభకు నడిచి వెళుతున్న గిరిజనులు కోరన్న, మంగన్న లేవిడి దగ్గర తుపాకి గుండ్లకు కూలిపోయారు. ఇక్కడి గిరిజనుల మధ్య పనిచేసిన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్ళు. 1970 జూలై 10న చంపబడ్డారు. వారి రాజకీయాలతో ఏకీభవించే వారూ, విభేదించే వారూ ఈ సభలో ఉంటారు. పాటను అర్థం చేసుకోవడానికి ఆ మరణాలు మాత్రం అందరికీ తెలియాలి.

ఆ కాలపు పాటకు వాహనంగా నిలిచింది జముకుల కథ. బొడ్డపాడు గుడిలో పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి ఈ పాత కథారూపాన్ని ఉద్యమానికి మలిచాడు. 1969 డిసెంబరు 22న రంగమటియా కొండల్లో అతన్ని కాల్చివేశారు. కవిగా అతని గురించి చాలా రాశారు. అతని చేతిలోని వాద్యం గురించి ఎవరూ తగినంత రాయలేదనిపిస్తుంది.

జముకు చూడడానికి చిన్న డోలు. ఒక వైపు తోలు, మరో వైపు ఖాళీ. తోలు నడిమి నుంచి ఒక తంతి బయటికొస్తుంది, దాని కొనకు చిన్న కర్రముక్క కడతారు. ఒక చేత్తో ఆ ముక్కను లాగి పట్టి, రెండో చేత్తో తంతిని మీటాలి. లాగిన కొద్దీ శ్రుతి పైకి పోతుంది, వదిలిన కొద్దీ కిందికి జారుతుంది. స్వరం ఒకచోట నిలవదు, మనిషి గొంతులాగే జీరపోతుంది, మూలుగుతుంది, ప్రశ్నిస్తుంది. ఎలక్ట్రిక్ గిటారు తీగను వేలితో వంచి ఏడిపించడం ఈ పిల్లలకు తెలుసు. ఆ వంపు తాతల కాలం నుంచీ మన ఒళ్ళో ఉంది. అయితే జముకు ఎప్పుడూ ఒంటరిగా మాట్లాడదు. కథకుడు ఒక వాక్యం ఎత్తుతాడు, వంత దాని తోక అందుకుంటుంది. కథకుడు ఆగితే వంత ‘ఊఁ, తరవాత?’ అంటుంది, కథకుడు అబద్ధమాడుతున్నాడని తోస్తే నిలదీస్తుంది కూడా. వంతపాడడం అంటే తలూపడం అనే అర్థం పట్నం తెలుగులో స్థిరపడిపోయింది. కథావేదిక మీద వంత అంటే సాక్షి, గ్రామం తరఫున కూర్చున్న మనిషి. తప్పెటగుళ్ళలోనూ ఇదే నీతి. రొమ్ము మీద తప్పెట కట్టుకుని ఆడే బృందంలో మూలపాటగాడు ఉంటాడు, కాని అతని అడుగు మిగతావారి అడుగుతో కలవకపోతే పాట నడవదు.

ఈ నేలమీద నిలబడి వంగపండు పాటను వినాలి. 1972లో గద్దర్ తదితరులతో కలిసి జననాట్యమండలిని నిర్మించిన వారిలో ఆయనొకరు. ఆయన పాటల్లో ఆంధ్రదేశమంతా తెలిసిన ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ను తీసుకోండి. శ్రీకాకుళం వైపు పిలిచే పాట. పిలుపు ధోరణి మాత్రం సరసానిది, సంతకో తీర్థానికో పోదామా అని పడుచువాళ్ళు ఒకరినొకరు అడిగే తీరు. పోరుకు పిలుపును ఆ గొంతులో పెట్టడం కవి సాహసం. నన్ను ఎప్పుడూ ఆపేసేది మాత్రం ఆ చివరి పదం. ‘ఎల్దమొస్తవ’ అన్నది ఉత్తరాంధ్ర నోట ఒక్క ఊపిరిలో వచ్చే పదం. విడదీస్తే అందులో రెండు క్రియలున్నాయి. ఎల్దం అన్నది వెళ్ళడం, వస్తవ అన్నది రావడం. మొదటి దానికి కర్త ‘మనం’, రెండో దానికి ‘నువ్వు’. ‘నేను’ అన్న కర్త ఎక్కడా లేడు. అడుగుతున్నవాడు తనను తాను ‘మనం’లో కలిపేసుకున్నాడు, ఎదుటివాడికి మాత్రం కాదనే హక్కును మిగిల్చాడు. పైగా అది ప్రశ్న. జవాబు పాటలో లేదు, విన్నవాడి కాళ్ళలో ఉంది.

ఇప్పుడు ఆ పల్లవిని గాజు తలుపుల వెనక, చెవులకు హెడ్‌ఫోను పెట్టుకుని, ఒక్కడే పాడుతున్న మనిషిని ఊహించండి. ఎవరిని అడుగుతున్నాడు?

ఈ పదాన్ని అచ్చులో ‘వెళ్దాం వస్తావా’ అని దిద్దితే వ్యాకరణం నిలుస్తుంది, పాట పోతుంది. వాడుక భాష కోసం జీవితాన్ని ధారపోసిన గిడుగు రామమూర్తి పంతులు ఈ కొండల అంచునున్న పర్లాకిమిడిలోనే పాఠాలు చెప్పారు. సవర గిరిజనుల భాషను వారి నోటి నుంచే నేర్చుకుని, 1931లో దాని వ్యాకరణాన్నీ, 1938లో నిఘంటువునూ ప్రకటించారు. పలికేదే భాష అని ఆయన తెలుసుకోవడానికి లిపి లేని ఆ భాషతో గడిపిన ఏళ్ళు తోడ్పడ్డాయని నేను నమ్ముతాను. ఆ లెక్కన మన వాడుక తెలుగుకు కొండల వారి బాకీ ఉంది. వంగపండు ఆ బాకీని పాటలో చెల్లించారు.

సవరల ప్రస్తావన వచ్చింది కనుక ఒక్క నిమిషం అక్కడ ఆగుతాను. కొండకు అవతల ఒడిశాలో సవరల మధ్య ఏళ్ళ తరబడి గడిపిన బ్రిటిష్ మానవశాస్త్రవేత్త పియర్స్ విటెబ్‌స్కీ 1993లో ‘డయలాగ్స్ విత్ ద డెడ్’ అనే పుస్తకం రాశారు. సవరల పాత ఆచారంలో పూనకం వచ్చిన స్త్రీ గొంతులోకి చనిపోయినవారు ఒకరి తరువాత ఒకరు వస్తారు. చుట్టూ కూర్చున్న బంధువులు వారితో మాట్లాడతారు, వాదిస్తారు, ఏడుస్తారు, లెక్కలు తేల్చుకుంటారు. పోయినవారి పేరిట రాళ్ళు పాతుతారు. మన స్మారక సభల్లో పోయినవారి గురించి మాట్లాడతాం. ఆ ఇళ్ళలో పోయినవారితో మాట్లాడతారు. నేటి సవర ఊళ్ళలో చాలామంది క్రైస్తవం తీసుకున్నాక ఆ ఆచారం సన్నగిల్లింది, ఆ సంగతీ ఆయనే 2017లో వచ్చిన మరో పుస్తకంలో వివరంగా చెప్పారు. మన విషయానికి కావలసింది ఇది: ఆ స్త్రీ ‘నేను’ అన్నప్పుడు ఆ నేను ఆమెది కాదు. గొంతు ఒకరిది, మాట మరొకరిది, నిజం తేల్చేది చుట్టూ ఉన్నవారు. వంగపండు ఒక రైతుకూలీగా, ఒక తల్లిగా పాడినప్పుడు జరిగింది కూడా ఈ జాతిదే. ఆయన ఆచారాన్ని అనుకరించారని నా ఉద్దేశం కాదు. అలాంటి గొంతును తప్పుపట్టని, వింత అనుకోని నేలమీద ఆయన పెరిగారు.

ఇక రాక్ సంగతి. మన దగ్గర అదెక్కడి నుంచి వచ్చింది? ఆంప్లిఫయర్ నుంచి రాలేదు, కర్మాగారం నుంచి వచ్చింది. విశాఖ పాతబస్తీలో కురుపాం మార్కెట్ ఉంది, మన కురుపాం జమీందారుల పేరు మోస్తూ. కొండ దిగిన మనిషి పట్నంలో మొదట విన్న సొంతఊరి పేరు చాలాసార్లు అదే అయ్యుంటుంది. ఆ పట్నపు షిప్‌యార్డులో వంగపండు కార్మికుడిగా పనిచేశారు. వాల్‌చంద్ హీరాచంద్ 1941లో మొదలుపెట్టిన ఆ యార్డును పాతవారు నేటికీ సింధియా అనే అంటారు. స్వతంత్ర భారతంలో తయారైన మొదటి పెద్ద ఓడ ‘జలఉష’ 1948లో నీటిలోకి దిగింది అక్కడి నుంచే. ఇనప రేకుల మీద సుత్తి దెబ్బలు, సైరన్లు, షిఫ్టులు. పొలం పాటకు రుతువు లయ, రోకటి పాటకు చేతుల లయ. యార్డు లయ మరొకటి, అది మనిషి అలిసినా ఆగదు. యంత్రం ఎలా నడుస్తోందో చెప్పే వంగపండు పాటలో ఆ ఆగని లయ జానపదుని గొంతులోకి వచ్చింది. డిలన్ గిటారుకు కరెంటు పెట్టిన తరంలోనే మన పాటగాడు డప్పుకు కర్మాగారం పెట్టాడు. ఫోక్ రాక్ అన్న పేరు మనకు పనికొస్తుందనుకుంటే, దాన్ని ఈ అర్థంలోనే తీసుకుంటాను.

ఆ పాటలు ఊళ్ళకు చేరింది కేసెట్ల మీద. ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చిన ఈ చిన్న పెట్టె 1980ల మొదట్లో మన దేశంలో విరివిగా దొరకడంతో పెద్ద రికార్డు కంపెనీల పట్టు సడలింది. టూ ఇన్ వన్ ఉన్న టీకొట్టే మా ఊరి సంగీత సభ. కేసెట్టు నుంచి కేసెట్టుకు, దాని నుంచి మరో దానికి ఎక్కించుకోగా గొంతు సన్నబడి, డప్పు మసకబారి, ఎక్కడో దగ్గు, ఎవరిదో చప్పట్లు. మా దగ్గరికి వచ్చిన ఒక కేసెట్టులో ఒకచోట పసిబిడ్డ ఏడుపు వినిపించేది, ఆ పాట వచ్చినప్పుడల్లా ఆ ఏడుపు కోసం మేమంతా ఎదురుచూసేవాళ్ళం. కొన్నాళ్ళకు మా ఊళ్ళో ఆ పాట పాడేవాళ్ళు ఆ చోట కాస్త ఆగి మరీ ముందుకు పోయేవారు.

ఆ రోజుల్లోనే, 1982లో, అమెరికాలో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ న్యూజెర్సీలోని అద్దెయింట్లో నాలుగు ట్రాకుల కేసెట్ యంత్రం ముందు కూర్చుని కొన్ని పాటలు పాడుకున్నాడు. బృందంతో మళ్ళీ పాడి రికార్డు చేయాలన్నది ఆలోచన. ఆ ప్రయత్నమూ చేశారు. కాని జేబులో తిప్పిన ఆ కేసెట్టులోని గరుకుదనం స్టూడియోలో దొరకలేదు. చివరికి ఆ కేసెట్టునే ‘నెబ్రాస్కా’ ఆల్బంగా విడుదల చేశారు. ఏకాంత ఆల్బాల్లో నాకు ఎక్కువ గౌరవం ఉన్నది దాని మీదే. గదిలో ఒంటరితనం ఉన్నా, గోడల అవతలి ప్రపంచాన్ని అది మూసేయలేదు. అయినా అక్కడా శ్రోత వినేవాడే. మన కేసెట్టులో ఏడ్చిన బిడ్డ పాటలో భాగం.

పాట అందరిదైతే పాటగాడి గతి ఏమిటన్న ప్రశ్నను దాటవేయకూడదు. ‘మాభూమి’ సినిమాతో తెలుగువారందరి నోటికెక్కిన బండెనక బండి పాటను గద్దర్ పాటగా చెప్పుకునేవారు ఇప్పటికీ ఎందరో. అది తెలంగాణ పోరాట కాలంలో యాదగిరి కట్టింది. వంగపండు పాట ఆర్. నారాయణమూర్తి ‘అర్ధరాత్రి స్వతంత్రం’ (1986)తో సినిమా హాళ్ళకు చేరింది. 2009లో ‘మగధీర’ పాటలోనూ ఆయన పిలుపు వినిపించింది. అది ఎవరి పిలుపో తెలియకుండానే ఎందరో పిల్లలు దానికి చిందేసి ఉంటారు. వంత పాడిన ఊరు పాటను దొంగిలించదు, వాడుకుంటుంది, వాడుకున్నందుకు పాటగాడికి అన్నం పెడుతుంది. మార్కెట్టు వాడుకున్నప్పుడు ఆ మర్యాద తనంత తాను రాదు. 1957 కాపీరైటు చట్టానికి 2012లో చేసిన సవరణ పాట రాసినవారికి రాయల్టీలో వాటాను కొంత భద్రపరిచింది. రేపు ఆల్బం చేయబోయే పిల్లలు శ్రుతి నేర్చుకున్నంత శ్రద్ధగా ఆ సెక్షన్లు చదవాలని నా కోరిక. అందరి పాట అన్న గొప్పమాట చెప్పి పాటగాణ్ణి పస్తు పెట్టే అలవాటు మన సాంస్కృతికోద్యమాలకు కూడా లేకపోలేదు.

2020 ఆగస్టు 4న పార్వతీపురంలో వంగపండు కన్నుమూశారు. జీవితమంతా గుంపుతో పాడిన మనిషి, గుంపులు కూడరాదన్న ఏడాదిలో వెళ్ళిపోయారు. ఆ రోజు చాలామంది ఆయన పాటను ఎవరి ఇంట్లో వారు, ఫోనులో విన్నారు. నేనూ అలాగే విన్నాను. పల్లవి ముగిశాక అందుకునే గొంతు పక్కన లేకపోవడం ఎంత వెలితిగా ఉంటుందో ఆ సాయంత్రం తెలిసింది. ఈ ఉపన్యాసానికి బీజం నిజానికి అక్కడ పడింది.

అందుకని, గిటారు పట్టిన మా చిన్నవాళ్ళను ఆల్బం చేయవద్దని నేను అనను. తప్పకుండా చేయండి. జాతాపు గిరిజనుల ఇంటి మాట, సవర మాట, తెలుగు మాట ఒకే పాటలో ఇరుగుపొరుగుగా ఉండే ఆల్బం ఈ కొండల నుంచే రావాలి. మీ దుఃఖం మీదే అయితే ఒంటరిగానే పాడండి, దానికీ పరువుంది. కాని రికార్డు చేసే రోజున గది తలుపు కొంచెం తీసి ఉంచండి. యంత్రంలో నాలుగు ట్రాకులుంటే మూడింటితో సరిపెట్టుకుని, నాలుగోదాన్ని సంతలోకి పట్టుకుపోండి. పల్లవి మీరు ఎత్తి ఆగండి. ఎవరో ఒకరు అందుకుంటారు. అందుకోకపోతే పల్లవిని మళ్ళీ కట్టండి, వంగపండు గారైనా చేసి ఉండే పని అదే.

నాకిచ్చిన సమయం దాటింది. ముందు వరుసలో జముకు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న పెద్దాయన ఇప్పటికి రెండుసార్లు దాని తంతిని సవరించుకున్నారు. చలికి తోలు వదులైందని ఇందాక చెప్పారు, కాస్త సెగ చూపించాలట. ఆ లోపు వంతకు కూర్చోవలసిన పిల్లలు వేదిక మీదికి రండి.